పాలు పొంగాల్సిన వేళ

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తిట్టుకో, కానీ తొందరగా కానిచ్చెయ్. అమ్మ మోకాలు కాస్త నయం, చిన్నదానికి ముందు పళ్లు ఊడాయి, ఆఫీసు ఎప్పటిలాగే. ఇక అసలు సంగతి.

మొన్న గురువారం తెల్లవారుజామున నాలుగున్నరకి మా ఐదు బ్లాకుల్లోనూ ఒకేసారి ఫైర్ అలారం! పిల్లని భుజాన వేసుకుని తొమ్మిది అంతస్తులు మెట్లు దిగాను. కింద జాతర. సి బ్లాక్ పెద్దాయన లుంగీ మీద హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. (సూరిగాడి గొడుగు గుర్తొచ్చి ఆ గోలలోనూ నవ్వు ఆగలేదు.) పొగ లేదు, మంట లేదు. ఏ బ్లాకులోరా అంటే ఎవరికీ తెలీదు. ఎక్కడ ఏమైనా ఐదింటా మోగేలా కలిపేశారు మహానుభావులు.

అలారం ప్యానెల్ ఒక్కటే, గేటు పక్కన సెక్యూరిటీ గదిలో. దాని మీద జోన్ 7 దగ్గర ఎర్రలైటు. ఆ 7 ఏమిటో చెప్పే కాగితం గోడకే ఉంది, దాని మీద క్యాలెండర్ తగిలించారు. ఎత్తి చూస్తే చెమ్మకి సరిగ్గా ఆ వరుసే చెరిగిపోయింది!

చివరికి నీళ్ల హోరు విని కనిపెట్టాం. బి బ్లాక్ సెల్లార్. ఆ వేళ అక్కడ ఎవరిదో గృహప్రవేశం. టెంపోలో నిలబెట్టి తెచ్చిన బీరువా తగిలి పైన స్ప్రింక్లర్ హెడ్ (మంటొస్తే నీళ్లు చిమ్మే ముక్క) విరిగింది. పాలు పొంగాల్సిన ముహూర్తానికి నీళ్లు పొంగాయి. నీళ్లా అవి? ఏళ్ల తరబడి ఇనుప పైపుల్లో నిలవున్న నల్లటి కషాయం. పాపం, పట్టుచీరలు... నా చెప్పులకి ఆ కంపు ఇంకా పోలేదు.

ఈలోగా ఎ బ్లాక్ ఆవిడ, ఇళ్లల్లో కూడా జల్లు మొదలవుతుందని టీవీకి దుప్పటి కప్పి వచ్చిందట. అలా ఏం కాదురా. ఒక్కో హెడ్‌లో చిన్న ఎర్ర గాజు గొట్టం ఉంటుంది. అక్కడి వేడి 68 డిగ్రీలకి చేరితే అది పగిలి, ఆ ఒక్కటే తెరుచుకుంటుంది.

ఆపడం ఇంకో కథ. పంపుల సెట్టూ ఐదింటికీ ఒకటే. పైపుల్లో ప్రెషర్ కొంచెం తగ్గితే జాకీ పంపు అనే చిన్న పంపు సర్దుతుంది. అది చాలకపోతే మెయిన్ పంపు దానంతటదే లేస్తుంది. ఆపాలంటే మాత్రం మనిషి వెళ్లాల్సిందే, నిజం మంటైతే మధ్యలో ఆగిపోకూడదు కదా. పంపు రూము తాళం ఎలక్ట్రీషియన్ దగ్గర, అతనేమో ఊళ్లో. బి బ్లాక్ వాల్వ్ చక్రం తుప్పుపట్టి కదల్లేదు. తాళం పగలగొట్టి, పంపు ఆపి, మొత్తానికే కట్టేశాం.

అంటే అర్థమైందా? నాలుగు వందల రూపాయల ముక్క విరిగినందుకు రెండు రోజులు ఐదు బ్లాకులకీ మంటలార్పే నీళ్లు చుక్క లేవు. మొదటి రాత్రి పక్కింట్లో పోపు మాడిన వాసనకే లేచి కూర్చున్నా. నవ్వకు.

ఆదివారం మీటింగులో కొట్లాట. బి వాళ్లే కట్టాలని ఎ వాళ్లు, ఉమ్మడి ఖర్చని బి వాళ్లు, మాకు వేరే పంపులు పెట్టించండని డి వాళ్లు. వేరే ఎందుకురా? ట్యాంకూ పంపులూ ఒకటే ఉంటే తప్పేం లేదు. ఎవరి వాల్వ్ వాళ్ల చేతికి తిరగాలి, ప్యానెల్ మీద ఎవరి పేరు వాళ్లకి ఉండాలి అన్నాను. అంతే, ఆ పని నా నెత్తిన పెట్టారు. హాస్టల్ మెస్ సెక్రటరీ చేసినట్టే, గుర్తుందిగా...

ఉండు, ప్లంబర్ వచ్చాడట, ఆ తుప్పు వాల్వ్ కోసం కింద పిలుస్తున్నారు. నీ ఇంటి లోను సంగతి రాయి.