సంచి ఇచ్చి ఊరుకుంటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

కోనసీమ లంక గ్రామాల్లో జూన్‌లో బడులు తెరవగానే పేద పిల్లలకు పుస్తకాలు, సంచులు పంచే దాతలకు కొదవ లేదు. వారి మంచి మనసును తప్పుపట్టను. అయితే 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే ఉచిత, నిర్బంధ విద్యకు హామీ ఇస్తోంది గనుక, అసలు ఇబ్బంది ఆ వయసు దాటాక మొదలై, ఇంటర్‌కు పడవలో గోదావరి పాయ దాటి, ఆటో ఎక్కి వెళ్లవలసి వచ్చినప్పుడు ముదురుతుంది. ఆ ఛార్జీలు లేని ఆడపిల్ల తల్లి వెంట రొయ్యలు ఒలిచే షెడ్డుకు వెళుతుంది. మా వీధిలో అలా చదువు మానేసిన అమ్మాయి సంచి ఇంకా మేకుకు వేలాడుతూనే ఉంది. దాని మీద దాత పేరు మాత్రం చెరగలేదు.

పూర్వం వారాలు చేసుకుని చదువుకునే పిల్లలకు రోజుకో ఇంట అన్నం దొరికేది. (అది అన్ని కులాల పిల్లలకూ దక్కలేదన్నది వేరే మాట.) అదే విధంగా నలుగురైదుగురు దాతలు కలిసి, ఒక్క విద్యార్థికైనా ఇంటర్ పూర్తయ్యేదాకా ప్రయాణ ఖర్చులు, పరీక్ష ఫీజులు, ప్రధానోపాధ్యాయుల సలహాతో నెలనెలా తల్లి ఖాతాలో జమచేయాలని మనవి. వేదికలు, ఫొటోలు అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రాజోలు ప్రాంతం