మూడు రోజుల అప్పుకు నెల వడ్డీ

సంపాదకులు గారికి నమస్కారం,

మొన్న మీ పేపర్లో మన దేశంలో బ్యాంకింగ్ ఎంత పెరిగిందో రాసినారు, 2014లో జన్‌ధన్ మొదలుపెడితే 2023కే ఖాతాలు 50 కోట్లు దాటినాయని. అబద్ధమేం కాదు, మా ఊర్లో బజ్జీల బండి కాడ కూడా స్కానర్ అంటించి ఉంది. కానీ సార్, దుడ్డు పంపడం వేరే, అప్పు పుట్టడం వేరే. ఆ రెండోది ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాండా.

మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె, మెట్ట భూమి, చెనిక్కాయ వేస్తాం. నాకు లక్ష పంట రుణం ఉంది. 7 శాతం వడ్డీ, ఏడాదిలోపల కడితే కేంద్రం 3 శాతం తగ్గిస్తాది, అంటే లక్షకు 4 వేలే. ఇంత చౌకగా ఎక్కడా దొరకదు, ఒప్పుకుంటా. ఐతే ఆ రాయితీ కావాలంటే గడువులోపల అసలు, వడ్డీ మొత్తం కట్టేసి మళ్ళీ తీసుకోవాల, దాన్నే రెన్యువల్ అంటారు. పోయినేడు జూన్‌లో తీసుకున్నా కాబట్టి ఈ జూన్‌లో గడువు. జూన్‌లో మెట్ట రైతు చేతిలో ఏముంటాది సార్, విత్తనం కొనాల, ట్రాక్టరు బాడిగ ఇయ్యాల, కాయలమ్మిన దుడ్డు సంక్రాంతికే ఐపోయింటాది.

అందుకని ఊర్లో వడ్డీకిచ్చే ఆయన కాడికి పోతాం. ఆయన లక్ష తెచ్చి మనతోపాటే బ్యాంకుకొచ్చి బెంచీ మీద కూర్చుంటాడు, మనం కడతాం, కొత్త రుణం ఖాతాలో పడేదానికి రెండు మూడు రోజులు, పడినరోజే తీసి ఆయన చేతిలో పెట్టాల. మూడు రోజులైనా నెల కిందే లెక్క, నూటికి రెండు రూపాయలు, లక్షకు 2 వేలు. కేంద్రం నాకిచ్చిన రాయితీ 3 వేలైతే అందులో 2 వేలు ఆయన జేబులోకి పాయె. ఆయన్ను తిట్టడంలేదు, ఆయన లేకుంటే గడువు దాటి 7 కన్నా పైన పడతాది. బ్యాంకోళ్ళకేమో రికవరీ నూటికి నూరు కనపడతాది, పైనోళ్ళ లెక్కలో నేను టైముకు కట్టే మంచి రైతును!

కౌలుకు చేసేవాళ్ళకు ఈ బ్యాంకు రుణం కూడా లేదు. మన రాష్ట్రం 2019లో తెచ్చిన చట్టం ప్రకారం, కౌలు రైతుకు రుణానికి పనికొచ్చే సాగుదారు కార్డు రావాలంటే భూమి ఓనరు 11 నెలల ఒప్పందం మీద సంతకం పెట్టాల, మా తట్టు పెట్టేవాళ్ళు తక్కువ, భూమి పోతాదేమోనని భయం.

1969లో 14 బ్యాంకులు జాతీయం చేసినప్పుడు గాని, 1975లో గ్రామీణ బ్యాంకులు పెట్టినప్పుడు గాని పల్లెల్ని వడ్డీ వ్యాపారుల నుంచి తప్పిస్తామనే కదా చెప్పింది. మా నాయనకు అనంత గ్రామీణ బ్యాంకులో ఖాతా ఉండె, 2006లో అది ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో కలిసింది, 2025 మే నుంచి రాష్ట్రమంతా ఒకటే గ్రామీణ బ్యాంకు, బోర్డు మారినప్పుడల్లా ఆయన పాసుబుక్కు మార్చుకోవడమే సరిపాయె (నా రుణం అక్కడ కాదు, వేరే బ్యాంకు, పేరెందుకులే).

నేనడిగేది పెద్దదేం కాదు. వడ్డీ కట్టించుకుని అసలును కొత్త ఏడాదికి రాసుకోవచ్చు, లేదా గడువే కాయలమ్మే నెలల్లో, డిసెంబర్ జనవరిలో పెట్టొచ్చు. మేనేజర్‌ను అడిగితే సిస్టమ్ ఒప్పుకోదప్పా అన్నాడు. నాకు గడువు జూన్ రెండో వారం, వడ్డీ ఆయనకు ఇప్పుడే చెప్పి పెట్టుకున్నా.

ఇట్లు,
ఒక చెనిక్కాయ రైతు,
కళ్యాణదుర్గం మండలం, అనంతపురం జిల్లా