కొత్త జాతి అనడానికి ఫొటో చాలదు

సంపాదకులకు,

మట్టిలో బతికే పామో, కాళ్లులేని బల్లో కనిపించగానే కొత్త జాతి అని రాసేయవద్దని మనవి. నేల తొలుచుకుంటూ బతకడం వల్ల వీటి ఒళ్లు గుండ్రంగా, కళ్లు చిన్నవిగా, పొలుసులు నున్నగా మారి వేర్వేరు జాతులూ ఒకేలా కనిపిస్తాయి. రంగును నమ్మలేం. ఒంటి మధ్య చుట్టూ పొలుసులు ఎన్ని వరుసలు, పొట్ట కింద ఎన్ని, తోక కింద ఎన్ని అని లెక్కపెట్టాలి. పాముల్లో తోక కింది లెక్క ఆడ, మగలకు తరచూ వేరుగా ఉంటుంది. ఒక్క నమూనాతో తేలిస్తే ఆ తేడానే జాతి తేడా అనుకునే ప్రమాదం ఉంది.

ఎక్కువ నష్టం భద్రపరచడంలోనే జరుగుతుంది. ముందుగా డీఎన్‌ఏ కోసం కాలేయం ముక్కను 95 శాతం ఇథనాల్‌లో వేయాలి. తర్వాతే ఒంటిని 10 శాతం ఫార్మలిన్‌లో గట్టిపరచి, నీటితో కడిగి, 70 శాతం ఇథనాల్‌లోకి మార్చాలి. క్రమం తప్పితే ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది. రంగులు వెలిసిపోతాయి కాబట్టి ఫొటోలు బతికుండగానే తీయాలి.

అన్నిటికన్నా కష్టం పాత పేర్లతో పోల్చడం. ఎప్పుడో వర్ణించి వదిలేసిన జాతుల మూల నమూనాలను, అంటే ఆ పేరుకు ఆధారంగా దాచిన నమూనాలను, మ్యూజియాల్లో చూడాలి. పుర్రెకు సీటీ స్కాన్ తీస్తే మేలు. 2012 నుంచి ఆన్‌లైన్ పత్రికలో ప్రకటించిన పేరు చెల్లాలంటే జంతువుల శాస్త్రీయ నామాల అధికారిక ఆన్‌లైన్ పట్టిక అయిన జూబ్యాంక్‌లో నమోదు తప్పనిసరి.

వార్త ప్రచురించే ముందు మూల నమూనా ఏ మ్యూజియంలో, ఏ సంఖ్యతో ఉందో అడగండి. దొరికిన కచ్చితమైన చోటును మాత్రం అచ్చువేయకండి. అక్రమంగా పట్టుకునేవారు అక్కడికే వెళ్తారు.

– సరీసృపాల వర్గీకరణ పరిశోధకులు