వార్షిక నివేదిక 2024–25: బీరువాల్లోని మొక్కలు, పెట్టెల్లోని పురుగులు

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో మనం ఒప్పుకున్న పని ఒకటే. రిటైరైన మన మాస్టారు శేషాచలం కొండల్లో ఏళ్ల తరబడి సేకరించి, ఎండబెట్టి కాగితాలకు అతికించిన మొక్కల షీట్లనూ, పురుగుల పెట్టెలనూ కంప్యూటర్‌కెక్కించి, జీవజాతుల సమాచారాన్ని ఆన్‌లైన్‌లో ఒకచోట చేర్చే జీబీఐఎఫ్‌లో అందరికీ ఉచితంగా అందేలా పెట్టడం. 2001లో మొదలైన ఈ అంతర్జాతీయ వ్యవస్థ ఇలాంటి పనికోసమే ఉంది. మొక్కలు పూర్తయ్యాయి. పురుగులు సగంలో ఉన్నాయి.

ఫొటోలు తీయడం తేలికే, తిప్పలంతా లేబుళ్లతోనే. ఒక తంగేడు షీటు చూడండి: ‘కేసియా ఆరిక్యులేటా, మామండూరు, చిత్తూరు జిల్లా, 7-5-84’. ఆ మొక్క శాస్త్రీయ నామం ఇప్పుడు సెన్నా ఆరిక్యులేటా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 26 అయ్యాక మామండూరు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అందుకని లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు ఒక గడిలో, ఇప్పటి పేర్లు పక్క గడుల్లో రాశాం. తేదీని మాత్రం స్ప్రెడ్‌షీట్ తనంతట తానే జూలై 5 చేసేసింది. మాస్టారి డైరీతో పోల్చినప్పుడు గానీ బయటపడలేదు. అన్ని తేదీలూ మళ్లీ చూడాల్సి వచ్చింది. ఇప్పుడు రోజు, నెల, సంవత్సరం మూడు వేర్వేరు గడుల్లో ఉన్నాయి.

ఇంకోసారి అక్షాంశం, రేఖాంశం తారుమారై, మన కొండల ఎర్రచందనం మ్యాపులో ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్బార్డ్ మంచులో తేలింది. 13.6, 79.4 తిరగేస్తే అక్కడికే పోతుంది మరి! నవ్వుకుని సరిదిద్దాం.

ఆ ఎర్రచందనం మీదే కార్యవర్గంలో గట్టి వాదన జరిగింది. చెట్టున్న చోటు కచ్చితంగా చెబితే దొంగలకు దారి చూపినట్టే. దాచేస్తే పరిశోధకులకు పనికిరాదు. చివరికి అంకెల్ని ఒక్క దశాంశానికి కుదించాం, అంటే సుమారు 11 కిలోమీటర్ల గడి. కుదించిన సంగతి రికార్డులోనే రాశాం. నేను మొత్తం దాచేద్దామన్నాను, ఓడిపోయాను.

పురుగుల దగ్గర తొందరపడలేదు. గోరంత లేబుల్ పురుగు కిందే సూదికి గుచ్చి ఉంటుంది. చదవడానికి దాన్ని కిందికి లాగాలి, చెయ్యి వణికితే మీసం విరుగుతుంది. రెండు విరిగాయి కూడా. ముక్కల్ని చిన్న అట్టకు అతికించి అదే సూదికి గుచ్చాం.

జమాఖర్చులు విడిగా జతచేశాం. స్కానర్ కొనకుండా ఫోన్ స్టాండుతో లాగించాం కాబట్టి ఖర్చు పెద్దగా లేదు.

ఊరూ తేదీ లేని సీతాకోకచిలుకల పెట్టె ఒకటి మిగిలింది. రెక్కల రంగు చెక్కుచెదరలేదు, ఎక్కడివో మాత్రం తెలీదు. పాత డైరీలు వెతుకుతానన్నారు మాస్టారు. వచ్చే నెల నుంచి శనివారాలు టైపింగ్‌కు ఇద్దరు కావాలి. ఆయన చేతిరాత చదవగలిగినవాళ్లయితే మరీ మంచిది.

– కార్యదర్శి