కోడిపిల్లలు పొడుచుకుంటే ముందు పగలు బల్బు ఆర్పండి

సంపాదకుల వారికి,

ఎండకాలం వస్తే చాలు, మన అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో పెరటికోళ్లు పెంచేవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "పిల్లలు ఒకదాన్నొకటి పొడుచుకు తింటున్నాయి, ఏం మందు వేయాలి?" మందు గాయానికి పనిచేస్తుంది, పొడవడాన్ని ఆపదు. కారణాన్ని ఆ పూటే తీసేయాలి. ఒక పిల్ల రక్తం రుచి చూసిందంటే మిగతావీ దాన్ని చూసి నేర్చుకుంటాయి.

మన దగ్గర మొదటి కారణం వేడి. మొదటి వారం పిల్లల వీపు ఎత్తులో 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, ఆపైన వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించాలి. నడి మే నెలలో మన ఊళ్లలో మధ్యాహ్నం నీడలోనే 104 దాటే రోజులు ఎన్నో. అప్పుడు కూడా పిల్లల వెచ్చదనానికి పెట్టిన 100 వాట్ల తెల్ల బల్బు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. పిల్లలు నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు దించి, చుట్టూ కట్టిన అట్టకు ఆనుకుని నిలబడితే వేడి ఎక్కువైనట్టే. ఆ చిరాకులో పక్కదాని తోక దగ్గర చిన్న రక్తపు చుక్క కనబడినా వదలవు. అలాంటి ఎండలో పగలు బల్బు ఆర్పేసి రాత్రికి మాత్రం వేయండి. బల్బు కింద గుమిగూడితే కిందికి దించండి, దూరంగా పోతే పైకి ఎత్తండి. మొదటి మూడు నాలుగు రోజులు మేత, నీళ్లు కనబడాలి కాబట్టి వెలుతురు బాగానే ఉండాలి. తర్వాత ఎర్ర బల్బు మేలు, ఆ వెలుతురులో రక్తం వేరుగా కనబడదు.

ఇరుకు రెండో కారణం. పిల్లకు అర చదరపు అడుగు లెక్కన 100 పిల్లలకు 8 అడుగుల వ్యాసం ఉన్న అట్ట గుండ్రం కావాలి, నెల దాటేసరికి పిల్లకు ఒక చదరపు అడుగు. మేత తొట్టి అంచు మొదట్లో పిల్లకు అంగుళం, తర్వాత రెండంగుళాలు. తొట్టి అందక ఆకలితో ఉన్న పిల్లలే కాలివేళ్లు పొడుస్తాయి.

మేత సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. జొన్న నూక, మొక్కజొన్న నూకల్లో మాంసకృత్తులు పది శాతం అటూఇటూ, పిల్లలకు కావలసింది 20 శాతం. ఆ లోటుతో ఈకలు పీకి తింటాయి. చిక్ స్టార్టర్, అంటే చిన్న పిల్లల కోసం తయారుచేసి అమ్మే మేత వేయండి. ఖర్చు తగ్గుతుందని బూజుపట్టిన వేరుశనగ చెక్క మాత్రం కలపొద్దు, అందులోని విషం పిల్లల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నేలమీద పరిచే వేరుశనగ పొట్టు కూడా బాగా ఎండినదై ఉండాలి. మునగాకు, అవిశాకు కట్ట కట్టి ముక్కుకు అందే ఎత్తులో వేలాడదీస్తే పిల్లల ధ్యాస దానిమీదికి మళ్లుతుంది.

గాయపడ్డ పిల్లను వెంటనే వేరు చేయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన దూదితో కాసేపు అదిమి పట్టండి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి గాయం కడగండి. తర్వాత 10 శాతం పొవిడోన్ అయోడిన్ ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి అద్దండి, పలచని టీ రంగు వస్తే చాలు. ఎర్రమందు పూయొద్దు, ఆ రంగే మిగతా పిల్లలను మళ్లీ పిలుస్తుంది. వేపనూనె గాయం చుట్టూ ఉన్న ఈకలకే, గాయంలోకి వద్దు. తడి పూర్తిగా ఆరాకే జాలీ ఉన్న గంపలో, గుంపుకు కనబడేలా ఉంచండి. పూర్తిగా కళ్లకు దూరం చేస్తే తిరిగి కలిపినప్పుడు కొత్తదనుకుని పొడుస్తాయి. ఎండకాలంలో ఈగ గుడ్డు ఒక్క రోజులోనే పురుగవుతుంది, అందుకే గాయాన్ని పూటపూటకూ చూడాలి. పక్కు రాలి, కొత్త ఈక కప్పాక, చీకటి పడ్డాక గుంపులో వదలండి.

రెట్ట అంటుకుని మలద్వారం మూసుకుపోయిన పిల్ల ఉంటే గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి తీయండి, లాగొద్దు. చర్మం చిరిగితే పొడవడం అక్కడే మొదలవుతుంది.

ముక్కు కత్తిరించమని చాలామంది సలహా ఇస్తున్నారు. పెరట్లో తిరిగి ఏరుకు తినాల్సిన కోడికి ముక్కే ఆధారం. ఇంట్లో బ్లేడుతో, గోళ్ల కత్తెరతో ఆ పని చేయడం క్రూరత్వం, దయచేసి ఆపండి.

పిల్లలను అమ్మేటప్పుడే ఈ సూచనలు తెలుగులో ఒక కాగితం మీద ఇవ్వాలి. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలవారు రాసిస్తే రైతు సేవా కేంద్రాల్లో గోడకు అంటించవచ్చు. మీ వ్యవసాయ పేజీలో మార్చిలోపే వేస్తే ఎండలు ముదరకముందే రైతుల చేతికి అందుతుంది.

— ఒక కోళ్ల పెంపకందారు, తాడిపత్రి, అనంతపురం జిల్లా