నాలాల్లో ప్లాస్టిక్‌ను ముంపు ఖాతాలో రాయండి

సంపాదకుడు గారికి,

హైదరాబాద్‌లో గంటసేపు గట్టి వాన పడితే చాలు, రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లు. నింద అంతా వాన మీదికే పోతుంది. మా కాలనీ వెనక నాలా మీద చిన్న కల్వర్టు ఉంది. వాన వెలిశాక దాని దగ్గర నిలబడి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. కొట్టుకొచ్చిన కొమ్మ ఒకటి అడ్డం పడి ఉంటుంది. దానికి కవర్లు చుట్టుకుని, కవర్లలో మట్టి చేరి, ఆ పైన థర్మాకోల్ ప్లేట్లు, నీళ్ల సీసాలు. ఆకులూ అలములూ అయితే కుళ్లిపోతాయి. ఇది కుళ్లదు, వాన వానకీ గట్టిపడుతుంది. ఇటుపక్క ఇళ్లలోకి నీళ్లు వస్తుంటే అటుపక్క నాలా సగం ఖాళీ! ఆ కంగారులో ఎవరో మ్యాన్‌హోల్ మూత తీసేస్తారు. మురికినీళ్ల కింద ఆ గొయ్యి నడిచేవాళ్లకు కనబడదు.

ఏటా వేసవిలో పూడిక తీస్తారు, కాదనను. తీసింది గట్టు మీదే పోసి పోతారు. తొలకరికి అది మళ్లీ నాలాలోకే చేరుతుంది (బిల్లు మాత్రం వెనక్కి రాదు).

చెరువుల్లో లేచిన ఇళ్లు, నాలాల కబ్జాలే అసలు రోగమని 2020 అక్టోబరులో రోజుల తరబడి నీళ్లలో నానిన కాలనీలకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ కబ్జాల తర్వాత మిగిలిన ఆ కాస్త దారినీ మూసేస్తున్నది ప్లాస్టిక్కే. కబ్జాలు తీయాలంటే కోర్టులు, ఏళ్లు. కల్వర్టు శుభ్రం చేయడానికి ఒక పూట చాలు.

పలుచని పాలిథిన్ సంచులను దేశమంతటా నిషేధించిన మొదటి దేశం బంగ్లాదేశ్, 2002లో. 1988, 1998 వరదల్లో ఢాకా డ్రెయిన్లు ఆ సంచులతోనే పూడుకుపోయాయి మరి. 2005 జులై 26న ఒక్కరోజే 944 మి.మీ. వాన కురిసిన ముంబయిలోనూ ఇదే గొడవ. మన దగ్గరా 2022 చివరి నుంచి 120 మైక్రాన్ల కన్నా పలుచని సంచులు నిషేధం. జరిమానా పడేది మాత్రం కూరగాయల బండి అవ్వకు. ఆమెకు కట్టలకొద్దీ అమ్మే హోల్‌సేల్ దుకాణం తెరిచే ఉంటుంది.

వానాకాలం ముందు సమీక్షల్లో ప్లాస్టిక్‌ను పారిశుద్ధ్యం లెక్కలోంచి తీసి ముంపు నివారణ లెక్కలో వేయాలి. కల్వర్టుల ముందు చెత్త ఆపే జాలీలు, వాన హెచ్చరిక రాగానే వాటిని ఖాళీ చేసే మనుషులు, రెండూ కావాలి. మనుషులు లేకపోతే ఆ జాలీయే అడ్డుకట్ట అవుతుంది. పూడిక డంపింగ్ యార్డుకు చేరినట్టు తూకం చీటీ చూపించాకే కాంట్రాక్టరుకు డబ్బివ్వాలి.

— ఒక పాఠకురాలు, సికింద్రాబాద్