బోర్డు మీద ధర, లాట్‌లో లేని ట్రక్కు

ఆస్టిన్, టెక్సస్
అక్టోబర్ 2025

బాబాయికి నమస్కారాలు.

కరెంటు మినీ ట్రక్కు బుక్ చేద్దామనుకుంటున్నావని, అడ్వాన్స్ కట్టమంటున్నారని తమ్ముడు చెప్పాడు. ఫోన్లో తేలే విషయం కాదని రాస్తున్నాను. డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి పూర్తిగా చదువు.

నేనూ ఇక్కడ కరెంటు పికప్ కోసమే చూస్తున్నాను. పొలంలో కోసిన గోంగూర, దొండకాయలు, సొరకాయలు తీసుకుని ఆస్టిన్, పక్కనున్న రౌండ్ రాక్ ఊళ్ళలోని ఇండియన్ షాపులకి వేసి రావడానికి రోజుకు వంద మైళ్ళు, అంటే 160 కిలోమీటర్ల దాకా అవుతుంది. పొద్దున్నే లోడుతో బయల్దేరితే మధ్యాహ్నానికి ఇంటికి చేరతాను. ఇక రాత్రంతా బండి ఇంటి దగ్గరే. కరెంటు బండికి ఇంతకన్నా అనువైన పని ఇంకోటి ఉంటుందా? నాకు కావలసిందల్లా రెగ్జిన్ సీట్లు, కింద రబ్బరు మ్యాటు, తెల్ల రంగు. మట్టికాళ్ళతో ఎక్కి దిగేవాడికి లెదర్ సీటు దేనికి?

అలాంటి బండి వస్తుందని 2021 మేలో ఫోర్డ్ ప్రకటించినప్పుడు నాకెంత సంతోషమేసిందో. ఎఫ్-150 లైట్నింగ్, అందులో అన్నిటికన్నా కింది మోడల్ పేరు ప్రో. ధర 39,974 డాలర్లు, అప్పటి లెక్కలో 29 లక్షల రూపాయలు. ఒక్కసారి చార్జింగ్‌కి 230 మైళ్ళు. ఇంజిన్ ఉండాల్సిన చోట ఖాళీ డిక్కీ, అందులో 180 కిలోల సరుకు పడుతుంది. బండిలోనే ప్లగ్గులున్నాయి, దారిలో ఆకుకూర వాడకుండా చిన్న ఫ్రిజ్ నడుపుకోవచ్చు. నాలాంటివాళ్ళ పని తెలిసినవాళ్ళెవరో కూర్చుని చేసినట్టుంది.

2022లో బండ్లు రావడం మొదలైంది, ధరా పెరగడం మొదలైంది. ఆగస్టులో 46,974. అక్టోబర్లో 51,974. డిసెంబర్లో 55,974. మరుసటి మార్చికి 59,974. రెండేళ్ళు తిరక్కుండానే అదే బండికి, అవే రెగ్జిన్ సీట్లకి 20 వేల డాలర్లు ఎక్కువ. 2023 జూలైలో 49,995కి తగ్గించారు కానీ మొదట చెప్పిన ధర మళ్ళీ కనపడలేదు.

ఒక్క ఫోర్డే కాదు. టెస్లా 2019 నవంబర్లో సైబర్‌ట్రక్ అనే కరెంటు పికప్ చూపించి 39,900 అంది, వంద డాలర్లు కట్టించుకుని బుకింగులు తీసుకుంది. నాలుగేళ్ళకి మొదటి బండ్లు బయటికొస్తే అవి లక్ష డాలర్ల దగ్గర. తక్కువ రకం 2025 ఏప్రిల్లో వచ్చింది, 69,990కి. వెనక తొట్టి మీద మూత లేదు, తొట్టిలో ప్లగ్గులు లేవు. దాన్నీ సెప్టెంబర్లో తీసేశారు. షెవ్రొలే వాళ్ళు 2022 జనవరిలో కరెంటు సిల్వరాడో పికప్‌లో వర్క్ ట్రక్ అనే కింది రకం 39,900 నుంచి అన్నారు. తీరా మొదట వచ్చిన వర్క్ ట్రక్ ధర 70 వేలు దాటింది. రివియన్ అనే ఇంకో కంపెనీ 67,500 డాలర్ల ఎక్స్‌ప్లోర్ అనే కింది రకాన్ని 2022 ఆగస్టులో రద్దు చేసి, బుక్ చేసుకున్నవాళ్ళని పై రకానికి మారమంది.

మన గుంటూరులో బట్టల షాపు ముందు '299 నుంచి' అని బ్యానర్ కడతారు చూడు, లోపలికెళ్ళి అడిగితే ఆ చీరలు ఇప్పుడే అయిపోయాయంటారు, అచ్చం అలాగే ఉంది. కాకపోతే చీర కోసం ఎవరూ ఏళ్ళ తరబడి ఆగరు.

ఎందుకిలా అని నేను చాలా చదివాను. ఈ బండిలో అసలు ఖర్చు బ్యాటరీది. లెదర్ తీసేసినా, పెద్ద అద్దం పైకప్పు తీసేసినా బ్యాటరీ ఖర్చు అంతే ఉంటుంది. లైట్నింగ్‌లో చిన్న బ్యాటరీయే 98 కిలోవాట్ అవర్లు, అంటే 98 యూనిట్ల కరెంటు పట్టేది. 2021, 2022లో లిథియం ధరలు ఆకాశానికెక్కాయి. ఉన్న కొద్ది బ్యాటరీల్ని 40 వేల బండిలో పెట్టాలా, 80 వేల బండిలో పెట్టాలా అంటే కంపెనీ ఏం చేస్తుందో వేరే చెప్పాలా? 2023లో ఫోర్డ్ కరెంటు బండ్ల విభాగానికి 470 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది, కాబట్టి వాళ్ళ ఇబ్బందీ అబద్ధం కాదు. తయారైన కొద్ది బేస్ మోడళ్ళు కూడా ఎక్కువగా ఒకేసారి పదులకొద్దీ కొనే ఫ్లీట్ కంపెనీలకి పోతాయి. డీలరు తన లాట్‌లో, అంటే అమ్మకానికి బండ్లు నిలబెట్టే స్థలంలో, లాభం ఎక్కువొచ్చే రకాలే నింపుకుంటాడు. ఇక్కడి ప్రభుత్వం 7,500 డాలర్ల దాకా రాయితీ ఇచ్చినప్పుడైనా, 80 వేల లోపు పికప్పు చవకదా ఖరీదైనదా అని చూడలేదు. చవక బండి చేసినవాడికి అదనంగా ఒరిగిందేమీ లేదు. ఆ రాయితీ కూడా 2025 సెప్టెంబర్ 30తో ఆగిపోయింది.

మొన్న ఒక డీలర్ దగ్గరికి వెళ్ళాను. వరసగా కరెంటు పికప్పులు, అన్నీ పై రకాలే. ఒకదాని అద్దం మీద కంపెనీ స్టిక్కర్, దాని పక్కనే డీలరు అంటించిన ఇంకో చిన్న కాగితం, 'మార్కెట్ అడ్జస్ట్‌మెంట్' అని కంపెనీ ధర మీద అదనంగా 5,000 డాలర్లు. బేస్ మోడల్ కావాలంటే సేల్స్ కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "ఆర్డర్ పెట్టొచ్చు సార్, ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేను" అన్నాడు. పని చేసుకునేవాడికి ఆ మాటతో ఏం జరుగుతుంది బాబాయ్? పంట ఆగదు కదా. పెట్రోలు డబ్బులు మిగిల్తే బాగుపడేది రోజూ లోడు వేసేవాడే. వాడికి కావలసిన రకమే అందరికన్నా చివర రావడం నాకు నిజంగా బాధగా ఉంది.

2027లో 30 వేల డాలర్లకి కొత్త కరెంటు పికప్ తెస్తామని ఫోర్డ్ 2025 ఆగస్టులో చెప్పింది. స్లేట్ అనే కొత్త కంపెనీ రంగు కూడా వెయ్యకుండా, చేత్తో తిప్పే అద్దాలతో చిన్న కరెంటు ట్రక్కు చేస్తానంటోంది. రెండూ రావాలనే కోరుకుంటున్నాను. లాట్‌లో నిలబడి ఉన్న బండి చూశాకే పైసా తీస్తాను. అప్పటిదాకా పాత పెట్రోలు బండికే టైర్లు మార్పించాను.

నీకు చెప్పొచ్చేదేమంటే, షోరూమ్ వాణ్ణి 'ఎంత నుంచి' అని అడక్కు. నువ్వు తీసుకునే వేరియంట్ పేరు, ఆర్‌టీఏ, ఇన్సూరెన్స్ కలిపి ఆన్‌రోడ్ ధర, డెలివరీ తేదీ కాగితం మీద రాసిమ్మను. బ్యాటరీ ధరలోనే కలిసి ఉందా, నెలనెలా అద్దె వేరే కట్టాలా అడుగు. డెలివరీ లోపు ధర పెరిగితే ఎవరు భరిస్తారు, వద్దనుకుంటే అడ్వాన్స్ మొత్తం వెనక్కిస్తారా, అదీ రాయించు. బండి గోడౌన్‌లో ఉందంటే వెళ్ళి చాసిస్ నంబరు చూసుకో. లోడుతో తెనాలి నుంచి గుంటూరు యార్డుకి వెళ్ళి తిరిగి వచ్చాక చార్జింగ్ ఎంత మిగిలిందో నడిపి చూడకుండా ఒప్పుకోవద్దు.

కొటేషన్ ఇవ్వగానే ఫోటో తీసి తమ్ముడి వాట్సాప్ నుంచి పంపించు. నేను చూసి ఫోన్ చేశాకే సంతకం పెట్టు. పిన్నికి నమస్కారాలు చెప్పు, మోకాలి నొప్పికి డాక్టర్ ఏమన్నాడో ఆ రోజు మాట్లాడదాం.

ఇట్లు,
నీ పెద్దోడు